సెలవుల్లో ఈగలు తోలడం ఎలా?

పల్లెటూరి పిల్లలు ఎండాకాలం సెలవుల్లో సొంతంగా చిన్న వ్యాపారం ఏదైనా పెట్టుకోవాలని ఈమధ్య అందరూ చెబుతున్నారు. కలెక్టరుగారు చెబుతారు, కాలేజీ ప్రిన్సిపాలుగారు చెబుతారు, అమెరికా నుంచి సెలవుకొచ్చిన పెదనాన్న కొడుకు మరీ గట్టిగా చెబుతాడు. వీళ్లలో ఒక్కరైనా రోడ్డు పక్కన నిలబడి గ్లాసు మజ్జిగ అమ్మిన పాపాన పోలేదు. నేనూ పోలేదు. కాకపోతే అమ్మేవాళ్లని చెట్టు కింద కూర్చుని ఏళ్ల తరబడి చూశాను. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నా మాట వినండి.

ముందు లక్ష్యం తేల్చుకుందాం. వ్యాపారం లాభం కోసమని కామర్సు పుస్తకాల్లో రాస్తారు. ఆ పుస్తకాలు రాసినవాళ్లకి పగటినిద్ర రుచి తెలియదు. మనకి కావలసినవి మూడే. పొద్దున పదింటిదాకా పడుకోవాలి. "ఫలానావాళ్ల అబ్బాయి వ్యాపారం పెట్టాడట" అని ఊరంతా అనుకోవాలి. పెట్టుబడి ఏమైందని ఎవరైనా అడిగితే చెప్పడానికి సాకులు సిద్ధంగా ఉండాలి. సెలవులు దాదాపు ఏడు వారాలు. మూడింటికీ సరిపోతాయి.

1. సరుకు కన్నా ముందు ఫ్లెక్సీ కొట్టించండి.

మండల కేంద్రానికి వెళ్లి, బస్టాండు పక్కన కంప్యూటరు ముందు కూర్చునే అన్న దగ్గర రోజంతా కూర్చోండి. పై వరసలో పెద్ద నాయకుల తలకాయలు. దాని కింద ఎమ్మెల్యేగారు, జెడ్పీటీసీ, సర్పంచ్. మధ్యలో మీరు: నల్ల కళ్లద్దాలు, చెవి దగ్గర సెల్‌ఫోను, ఎవరికో ఏదో ఆజ్ఞాపిస్తున్నట్టు చూపు. కింద "ఇట్లు, మిత్రబృందం" అని స్టాంపు సైజులో ఇరవై ముఖాలు. ఇంకా జాగా మిగిలితే కుడిచేతి మూలన చిన్న అక్షరాలతో "నిమ్మ సోడా లభించును" అని వేయించండి. మిగలకపోతే వదిలెయ్యండి, నష్టం లేదు.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మాజీ సర్పంచ్ బొమ్మ మరిచిపోవాలి. లేదా వెయ్యాలి గానీ, ఇప్పటి సర్పంచ్ బొమ్మ కన్నా రెండంగుళాలు చిన్నది వెయ్యాలి. దీంతో ఊళ్లో సగం మంది మీ బండి వైపు తిరిగి చూడరు. వ్యాపారం మొదలు కాకముందే పని సగానికి తగ్గడం అంటే మాటలు కాదు.

ప్రారంభోత్సవం ఘనంగా చెయ్యండి. రిబ్బను, కొబ్బరికాయ, శాలువాలు. వచ్చినవాళ్లందరికీ సోడా ఊరికే పొయ్యండి. మర్నాడు అదే మనుషులు వచ్చి అదే గ్లాసు ఎత్తుతారు. మీరు డబ్బులడిగితే "నిన్న లేని రేటు ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?" అంటారు. న్యాయమైన ప్రశ్న. జవాబు వెతక్కండి.

ఫ్లెక్సీ వృథా అనుకోవద్దు. మే నెలలో గాలివాన లేచినప్పుడు కల్లంలో వడ్ల కుప్ప మీద కప్పడానికి దాన్ని మించింది లేదు. మీ వ్యాపారంలో చివరికి మిగిలే ఆస్తి కూడా అదే.

2. పెట్టుబడి పక్కవాళ్లది అయి ఉండాలి.

సొంత డబ్బు పెడితే పోతుందేమోనని భయం వేస్తుంది. భయం వేస్తే తెల్లవారుజామున మెలకువ వస్తుంది. అక్కణ్ణుంచి అంతా పాడు. అందుకని అమ్మ చేత పొదుపు సంఘంలో అప్పు తీయించండి. సంఘంలో పది పన్నెండు మంది ఆడవాళ్లుంటారు. అమ్మ వాయిదా ఆపితే మాట సంఘం మొత్తానికీ వస్తుంది, పై లోను అందరికీ ఆగుతుంది. అంటే మీ వ్యాపారం ఎలా నడుస్తోందో తెలుసుకోవాలని పది పన్నెండు ఇళ్లవాళ్లు రోజూ మీ గడప దాకా వస్తారు. ఇంత ప్రచారం డబ్బిచ్చినా దొరకదు.

బ్యాంకు వైపు వెళ్లకండి. ముద్ర పథకం కింద శిశు లోను 50,000 రూపాయల దాకా ఇస్తారు, 2015 నుంచీ ఉంది, పద్దెనిమిది నిండినవాళ్లు అడగొచ్చు. చిక్కల్లా అక్కడి మేనేజరుతోనే. ఏం అమ్ముతావు, ఎంతకి కొంటావు, రోజుకి ఎన్ని పోతాయి, మిగిలింది ఏం చేస్తావు అని అడుగుతాడు. ఇంట్లో మనవాళ్లు ఇలాంటి మర్యాద తక్కువ ప్రశ్నలు వెయ్యరు.

3. భాగస్వాములు ఏడుగురికి తగ్గకూడదు.

ఛైర్మను, ఎండీ, మార్కెటింగ్ హెడ్, సోషల్ మీడియా ఇన్‌ఛార్జి, ఇలా అందరికీ తలా ఒక పదవి ఇవ్వండి. వాట్సాప్ గ్రూపు పెట్టండి. గ్రూపుకి పేరు ఏం పెట్టాలన్న చర్చ వారం సాగాలి. గ్లాసులు కడిగే పదవి మాత్రం సృష్టించకండి. సృష్టిస్తే ఎవరో ఒకరికి ఇవ్వాల్సి వస్తుంది.

వంద రూపాయల బాండు పేపరు కొని ఒప్పందం రాసుకోండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద చెల్లదు. అంటే ఆరుగురూ మీకు ఎగనామం పెట్టొచ్చు, మీరూ వాళ్లకి పెట్టొచ్చు, కాగితం ఖర్చు మాత్రం ఖాయం. (గోలీ సోడా సీసాకి ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన పేటెంటు తెచ్చుకున్నదీ 1872లోనే. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ కొనడానికి వచ్చినవాళ్లకి ఇలాంటివి చెబుతూ కూర్చుంటే, సోడా కొట్టే శ్రమ లేకుండానే వెళ్లిపోతారు.)

4. బండి నీడ చూసి పెట్టండి, జనాన్ని చూసి కాదు.

చెరువు కట్ట మీద రావిచెట్టు కింద స్థలం బ్రహ్మాండం. గాలి వస్తుంది, సిగ్నల్ వస్తుంది, మనిషి రాడు.

పొరపాటున కూడా వెళ్లకూడని చోట్లు రెండున్నాయి. ఒకటి, ఉపాధి పనులు జరిగే చోటు. ఎండాకాలంలో వాళ్లు తెల్లవారకముందే పలుగూ పారా పట్టుకుని వెళ్తారు. తొమ్మిదింటికల్లా గొంతులు ఎండిపోతాయి. చల్లటి మజ్జిగ బిందె దింపితే పది నిమిషాల్లో ఖాళీ. మరి మిగిలిన రోజంతా మీరేం చేస్తారు? రెండోది, ధాన్యం కొనుగోలు కేంద్రం. అక్కడ రైతులు తేమ శాతం తగ్గేదాకా, గోనె సంచులు వచ్చేదాకా, లారీ కదిలేదాకా వడ్ల కుప్పల పక్కనే కాపలా ఉంటారు. కదలడానికి లేదు, నీడ లేదు, టీ లేదు. అలాంటిచోట ఫ్లాస్కూ, కాసిని మరమరాలూ పట్టుకెళ్తే జనం వదిలిపెట్టరు. పరువు పోతుంది. ఛైర్మను గారు వడ్ల కుప్పల మధ్య టీ అమ్మడమేంటి?

మజ్జిగే అమ్మాలని పట్టుదలగా ఉంటే, చలివేంద్రం పక్కనే పెట్టండి. అక్కడ ఊరికే పోస్తుంటారు. పోటీ అంటే ఏంటో మీకూ తెలుస్తుంది.

5. పదింటికి ముందు లేవకండి.

ముంజెల వ్యాపారం దీనికి అద్భుతంగా కుదురుతుంది. తాడిచెట్టెక్కే అన్న చీకటితోనే గెలలు దింపేస్తాడు. ఆరింటికల్లా టౌనుకు పోయే ఆటో మీద లేత గెలలన్నీ వెళ్లిపోతాయి. మీరు పది దాటాక ఆవలిస్తూ వెళ్తే, ఆయన మిగిలిన గెల చూపిస్తాడు. లేత ముంజెని బొటనవేలితో పొడిస్తే నీళ్లు మొహం మీద చిమ్ముతాయి. మీకు దొరికినదాన్ని పొడిస్తే గోరు విరుగుతుంది. కాయకి మూడు కళ్లు, మూడూ ముదురే. బేరమాడకుండా మొత్తం కొనేయండి.

కొన్నవాళ్ల పిల్లలు రాత్రి కడుపు పట్టుకుని ఏడిస్తే అది ఎండదెబ్బ అని చెప్పండి. ముంజె చలవ చేస్తుందని అందరికీ తెలుసు, దాన్ని ఎవరూ అనుమానించరు. అనుమానించినా మిమ్మల్నే అనుమానిస్తారు, ముంజెకి చెడ్డపేరు రాదు.

6. ఐసు.

ఐసు దిమ్మని గోనె సంచిలో చుట్టి, ఊకలో దాచడం పాతకాలం పద్ధతి. మీరు దాన్ని ఎండలో, స్టీలు పళ్లెంలో, నలుగురికీ కనిపించేలా పెట్టండి. చూడ్డానికి చల్లగా ఉంటుంది. మధ్యాహ్నానికి పళ్లెంలో నీళ్లుంటాయి. ఆ నీళ్లే సోడాలో కలపండి, ఐసు కలిపినట్టే కదా.

ఐసు ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు ఏది చవకో అది అడగండి. చేపలూ రొయ్యలూ చెడిపోకుండా వేసే ఐసు చవక. అది తినే ఐసుతో కలిసిపోకుండా నీలం రంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. నీలం దిమ్మ దొరికితే మహాభాగ్యం. నిమ్మకాయ నీళ్లలో పడితే వచ్చే రంగుకి మీరే ఒక పేరు పెట్టి పది రూపాయలు ఎక్కువ తీసుకోవచ్చు. నీలం కనబడలేదంటే తెల్లగా ఉన్నదంతా మంచిదే అని అర్థం చేసుకోండి, ఇంకేం అడక్కండి.

తినేవీ తాగేవీ అమ్మే చిన్న వ్యాపారులు కూడా ఆహార భద్రత కింద పేరు నమోదు చేయించుకోవాలి. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆ వందకి లీటరు పెట్రోలైనా రాదు. అయినా పెట్రోలే పోయించండి.

7. కాటా మీద ఒక వేలు ఎప్పుడూ ఉండనివ్వండి.

ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికలు కొలతలవాళ్ల ముద్ర వేయించాలి. ముద్ర వేసిన కాటా నిజం చెబుతుంది, దానితో మనకేం పని? మీ దగ్గర కొనేవాళ్లంతా మీ మేనత్తలూ, బాబాయిలూ, వరసకి వదినలూ. ఇంటికి వెళ్లి మళ్లీ తూచరనే నమ్మకం పెట్టుకోండి. తూస్తారు. మీ అమ్మతోనే చెబుతారు.

8. మామిడి సీజనులో రెండు విధాలుగా చెడొచ్చు.

మొదటిది పండ్లు. బంగినపల్లి కాయల్ని వరిగడ్డిలో పేర్చి మగ్గబెడితే రోజులు పడుతుంది, రోజూ ఎత్తి చూడాలి, మెత్తబడినవి ఏరాలి. పెద్ద మార్కెట్లలో ఇథిలీన్ గదులున్నాయి. ఇదంతా ఓపికున్నవాళ్ల వ్యవహారం. కార్బైడ్‌తో పండించడం నిషేధమని 2011 నిబంధనల్లో స్పష్టంగా ఉంది, అందుకే అది మీకు నచ్చుతుంది. పైన పసుపు, లోపల పచ్చి పులుపు, టెంక దగ్గర తెల్లటి గట్టిదనం. కొన్నవాడు రెండోసారి రాడు. ఒక్కో మనిషితో ఒక్కసారి మాట్లాడితే చాలు, ఇంకే వ్యాపారంలో ఉంది ఈ సుఖం? అధికారి వస్తే "ఇవి అమ్మడానికి కాదు సార్, ఇంట్లో తినడానికి" అనండి. "అయితే ఒకటి తిను" అంటాడు. అప్పుడు మీ చదువు పనికొస్తుంది, ఉపవాసం అని చెప్పండి.

రెండోది ఆవకాయ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పొరపాటున లాభం వచ్చే ప్రమాదం ఉంది. మే నెలలో ఇంటింటా ఆవకాయ పెడతారు. కాయలు కొట్టడానికి మనిషి దొరకడు. ఇంట్లో మగవాళ్లు ఎప్పుడో కత్తిపీట మానేశారు. చెక్క పీట మీద బిగించిన పెద్ద కత్తి ఒకటి ఉంటే చాలు. కాయలు వాళ్లే తెచ్చుకుంటారు, కాయకింత అని ఇస్తారు. సరుకు కొనక్కర్లేదు, మిగలదు, కుళ్లదు. పొద్దున రెండు గంటలు కొడితే కూలీ కన్నా ఎక్కువే చేతిలో పడుతుంది. దీనికి దూరంగా ఉండండి.

ఉండలేకపోతే ఇలా చెయ్యండి. ముక్క ముక్కకీ టెంక పెచ్చు అంటుకుని ఉంటేనే ఏడాదిపాటు మెత్తబడకుండా నిలుస్తుందని పెద్దవాళ్లంటారు. మీరు టెంక ఊడగొట్టి ఇవ్వండి. లోపలి జీడి తీసెయ్యాలంటారు, వదిలెయ్యండి, బరువు వస్తుంది. జీడి కింద ఉండే సన్నటి పొరని పొడిగుడ్డతో తుడవాలంటారు. మీరు ముక్కలన్నిటినీ బకెట్ నీళ్లలో ముంచి తీసి, తడితోనే గిన్నెలో వేసి, పరిశుభ్రత అని చెప్పండి. నెల తిరక్కుండా జాడీలో తెల్లగా బూజు లేస్తుంది. అప్పటికి మీరు హాస్టల్లో ఉంటారు. ఆవకాయ పాడైతే మా వైపు ఆడవాళ్లు ఉప్పు తక్కువైందని తమనే తిట్టుకుంటారు గానీ ముక్కలు కొట్టినవాణ్ణి అనరు. ఈ మంచితనం మీద ఆధారపడి మీరు రెండు సీజన్లు గడపొచ్చు.

9. క్యూఆర్ కోడు స్నేహితుడిది అంటించండి.

మీకు బ్యాంకు ఖాతా లేకపోతే, తెరిచే శ్రమ వద్దు. ఎండీగారి నాన్న ఖాతా ఉంది కదా. స్పీకరు డబ్బా "ఇరవై రూపాయలు వచ్చాయి" అని అరిచినప్పుడల్లా మీ ఛాతీ పొంగుతుంది. నెల అయిదో తారీఖున ఆ ఖాతాలోంచి బైకు ఈఎంఐ కట్ అవుతుంది. మీరు పిండిన నిమ్మకాయలన్నీ వేరేవాళ్ల బైకు చక్రాలుగా తిరుగుతుంటే ఊరికే చూడకండి, ఒక రౌండు అడగండి.

10. అరువు ధారాళంగా ఇవ్వండి.

కిరాణా కొట్లో "అరువు రేపు" అని రాసిన అట్ట ఎందుకు వేలాడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆలోచించకండి. లెక్కల మాస్టారికి, పోస్టుమ్యానుకి, అన్నయ్య స్నేహితులకి, మీరు ఎవరి ముందు పెద్దమనిషి అనిపించుకోవాలనుకుంటున్నారో వాళ్లందరికీ ఇవ్వండి. రాసుకోవద్దు, రాస్తే నమ్మకం లేదనుకుంటారు.

11. జమాఖర్చు చెల్లెలి చేతికి ఇవ్వకండి.

ఆమె నిజంగా రాస్తుంది. నిమ్మకాయలు ఎన్ని, పంచదార ఎంత, భాగస్వాములు తాగినవి ఎన్ని, అమ్మినవి ఎన్ని అని వేరువేరుగా గీతలు గీసి రాస్తుంది. మూడో రోజుకల్లా "అన్నయ్యా, గ్లాసుకి రెండు రూపాయలు నష్టం" అంటుంది. ఎనిమిదో తరగతి పిల్ల మాట ఛైర్మను వినాలా? నువ్వు ఇంట్లో నిమ్మకాయలు పిండు చాలు అని చెప్పండి. ఆమె పిండుతుంది. వచ్చే ఏడు ఆమే ధాన్యం కేంద్రం దగ్గర ఫ్లాస్కు పెట్టి మీ ఫీజు కడుతుంది, అది వేరే విషయం.

12. సాకు మనిషిని బట్టి చెప్పాలి.

అందరికీ ఒకే సాకు చెప్పేవాడు వ్యాపారానికి పనికిరాడు. నాన్నకి కరెంటు కోత గురించి చెప్పండి, ఆయనకి మోటారు దగ్గర ఆ బాధ తెలుసు. సంఘం అక్కలకి "వాయిదా పైవారం, లారీ రావాలి" అనండి. ఏ లారీ అని అడిగితే ఎటో చూడండి. నాన్నమ్మకి మాత్రం దిష్టి తగిలిందని చెప్పాలి. ఆవిడ ఉప్పూ మిరపకాయలూ మీ తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసి, కొంగు ముడి విప్పి ఒక యాభై చేతిలో పెడుతుంది. మొత్తం వేసవిలో మీకు వచ్చే నికర లాభం ఇదే.

సాకులకి కాలం కూడా కలిసి వస్తుంది. మొదట్లో మూఢం, మంచిరోజు లేదు. సాయంత్రం ఏడున్నరకి ఐపీఎల్, అది సరిగ్గా జనం చల్లగాలికి బయటికొచ్చి సోడా అడిగే వేళ. బండికి పట్టా కప్పేసి వెళ్లిపోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, అంత ఎండలో మనిషన్నవాడు అమ్ముతాడా? మృగశిర వచ్చిందా, వాతావరణం చల్లబడింది, ఇంక సోడా ఎవడు తాగుతాడు? మధ్యలో వ్యాపారానికి అనువైన రోజు ఒకటీ అరా తగిలితే బంధువుల పెళ్లి ఉంటుంది.

13. మూసేటప్పుడు హడావుడి వద్దు.

బండి అక్కడే వదిలెయ్యండి, అద్దె బండి అయినా సరే. గ్లాసులు పిల్లలు పట్టుకుపోతారు. జూన్ 12న బళ్లు తెరుస్తారు. ఆ రోజు అందరికన్నా ముందు వెళ్లి మొదటి బెంచీలో కూర్చోండి. అప్పులవాళ్లు తరగతి గదిలోకి రారు. లెక్కల మాస్టారు వస్తారు గానీ, ఆయన తాగిన సోడాల బాకీ మాత్రం ఎత్తకండి. మార్కులు ఆయన చేతిలో ఉంటాయి.